మేకుల మధ్య బంగారం: ఇనుముని గుర్తుపట్టే డిటెక్టర్ కోసం ప్రాజెక్టు డైరీ

ముందు నేల సంగతి చెప్పాలి, అది తెలియకుండా ఏ డిటెక్టర్ మంచిది అనే ప్రశ్నకి జవాబే లేదు. నేనుండేది మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, బంగారం వెతికేది మేరీబరో, డనోలీ, మోలియాగుల్ చుట్టుపక్కల ప్రభుత్వ అడవుల్లో. 1851లో విక్టోరియా రాష్ట్రంలో బంగారం కోసం జనం ఎగబడ్డప్పుడు తవ్వి వదిలేసిన నేల ఇది. 1869 ఫిబ్రవరి 5న మోలియాగుల్‌లో జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరికి వెల్‌కమ్ స్ట్రేంజర్ ముద్ద దొరికింది, 70 కిలోల పైన, అదీ చెట్టు వేళ్ల దగ్గర దాదాపు నేల పైపొరలోనే. 1980లో కింగోవర్ దగ్గర 27 కిలోల హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ దొరికింది, అది మెటల్ డిటెక్టర్‌తోనే. ఎవర్నీ ఊరించడానికి ఇవి చెప్పట్లేదు, మామూలు మనిషికి దొరికేవి గ్రాములో పదోవంతుల్లో ఉంటాయి. అసలు విషయం ఏంటంటే బంగారం కోసం వచ్చిన ఆ జనమే గుర్రపు నాడా మేకులు, బూటు అడుగున కొట్టే చిన్న మేకులు, తీగలు, రేకు డబ్బాలు, గుడిసెల చీలలు అన్నీ ఇక్కడే వదిలేసి పోయారు, కాబట్టి బంగారం ఎక్కడ ఉండొచ్చో తుప్పు కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది.

"ఇనుముని వదిలేసే మెషిన్ ఏది" అని నన్ను చాలామంది మనవాళ్లు అడిగారు. కొలిచి చూశాక ఆ ప్రశ్ననే కొంచెం మార్చుకోవాల్సి వచ్చింది, ఎలా మారిందో, ఎందుకు మారిందో రాస్తున్నా.

పర్మిట్ మాట ఒక్కసారి చెప్పేస్తా. విక్టోరియాలో ఇలా వెతకాలంటే మైనర్స్ రైట్ అనే కాగితం ఉండాలి. బంగారం తవ్వేవాళ్లు చేసిన 1854 యురేకా తిరుగుబాటు తర్వాత 1855లో వచ్చిన హక్కు ఇది, ఇప్పుడు తీసుకుంటే 10 ఏళ్లు చెల్లుతుంది. ప్రైవేటు పొలం అయితే యజమాని ఒప్పుకోవాలి, నేషనల్ పార్కుల్లో చాలావాటిలో అసలు కుదరదు. చేతి పనిముట్లే వాడాలి, తీసిన గుంట పూడ్చాలి. పాత కట్టడాల శిథిలాలు, ఆదివాసీల స్థలాలు ముట్టుకోకూడదు.

దశ 1: సింగిల్ ఫ్రీక్వెన్సీ మెషిన్, నాబ్ మీద నమ్మకం

సెకండ్ హ్యాండ్‌లో ఒక వీఎల్ఎఫ్ (బాగా తక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేసే రకం) మెషిన్ తీసుకున్నా. మెషిన్ల బ్రాండ్లు ఇక్కడ రాయను, పాతవాటిలో వచ్చిన ఫలితాల్ని బట్టి ఒక కంపెనీని అనడం న్యాయం కాదు, పైగా నేను చూస్తున్నది ఒక మోడల్ని కాదు, ఆ రకం మెషిన్‌ని. 18 కిలోహెర్ట్జ్, 10 అంగుళాల డీడీ కాయిల్ (లోపల రెండు D ఆకారపు తీగ చుట్టలు ఉండేది), ఇనుముని తోసేసే డిస్క్రిమినేషన్ నాబ్.

అది పనిచేసే తీరు తెలిస్తే మిగతా డైరీ అంతా తేలిగ్గా అర్థమవుతుంది. కాయిల్‌లోని ఒక చుట్ట నేలలోకి మారే అయస్కాంత క్షేత్రం పంపిస్తుంది, లోహంలో చిన్న సుడి కరెంట్లు పుడతాయి, వాటి నుంచి తిరిగొచ్చే సిగ్నల్ కాస్త ఆలస్యంగా వస్తుంది. ఎంత ఆలస్యం అన్నదాన్ని బట్టి మెషిన్ అది ఏ లోహమో అంచనా వేస్తుంది. ఇనుములో సుడి కరెంట్లతో పాటు అయస్కాంత గుణం కూడా ఉంటుంది కాబట్టి దాని సిగ్నల్ స్కేలుకి ఇంకో కొసన పడుతుంది. డిస్క్రిమినేషన్ అంటే ఇంతే, ఆ కొసన పడ్డవాటికి సౌండ్ కట్ చేయడం. మెషిన్‌కి మేకు కనపడట్లేదని కాదు, కనపడుతోంది, మనకి చెప్పట్లేదు.

మొదటి స్థలం ఒక వంక పక్కన పాత గుడిసెలు ఉండి ఉంటాయనిపించే చోటు, ఇటుక ముక్కలు, పచ్చ గాజు పెంకులు పైకే కనపడుతున్నాయి. చేసిన వరుస ఇది:

1. నాబ్‌ని మేకులు పూర్తిగా ఆగిపోయేదాకా ఎత్తా.
2. సెన్సిటివిటీ సగానికి పైన పెట్టా.
3. సౌండ్ వచ్చిన ప్రతిదీ తవ్వా.
4. తవ్వినదంతా రకాలవారీగా డబ్బాల్లో వేసి ఇంటికొచ్చి తూకం వేశా.

చెవికి హాయిగా ఉంది, సీసం బుల్లెట్లు, సిగరెట్ ప్యాకెట్ రేకు, అక్కడక్కడా పెద్ద ఇనుప ముక్క. బంగారం లేదు. లేకపోవడం వింత కాదు, కానీ ఆ చోటు మీద ఒక అనుమానం వచ్చి జేబులోంచి 1 గ్రాము సీసం గుండు తీసి (చేపల గాలానికి కట్టేది, సిగ్నల్ విషయంలో చిన్న బంగారు ముక్కకి దగ్గరగా ఉంటుంది) కాలి దగ్గర నేలమీద పెట్టి ఊపా. పక్కనున్న మట్టిలో మేకు ఉన్నట్టుంది, సౌండ్ లేదు. ఒక అడుగు జరిపితే ఖణేల్‌మంది. నేల పైనే పెట్టిన గుండు మాయమైతే లోపల ఉన్నదాని గతి ఏంటి?

ఖర్చు ఇప్పటిదాకా (ఆస్ట్రేలియా డాలర్లు): మెషిన్ 240, అయస్కాంతం బిగించిన చిన్న పిక్ (తవ్వే పనిముట్టు) 95, ప్లాస్టిక్ స్కూప్ 12, జేబు త్రాసు 18. మొత్తం 365.

డబ్బా లెక్క: ఇనుము 310 గ్రా., సీసం 85 గ్రా., అల్యూమినియం 40 గ్రా., బంగారం 0.

దశ 2: ఇంటి వెనక మేకుల బల్ల

అడవిలో ఊహాగానాలు చేసే బదులు పెరట్లో కొలుద్దామని ఒక బల్ల చేశా. ఎవరైనా చేసుకోవచ్చు, ఖర్చు దాదాపు లేదు.

1. 40 సెం.మీ. చదరం ప్లై ముక్క. స్క్రూలు, పిన్నులు ఉండకూడదు.
2. అడవిలో దొరికిన పాత నలుచదరపు మేకులు నాలుగు, ఒక్కోటి సుమారు 5 సెం.మీ., జిగురుతోనే అంటించాలి. కొత్త మేకులు వద్దు, తుప్పు పట్టిన మేకు వేరేలా పలుకుతుంది.
3. మేకులు నాలుగు వైపులా, మధ్యలో 1 గ్రాము సీసం, దానికీ ప్రతి మేకుకీ 6 సెం.మీ. ఎడం.
4. కాయిల్ ఎత్తు 8 సెం.మీ., చెక్క దిమ్మెల మీద ఒక అడ్డపట్టీ పెట్టి దాని మీద జరపాలి, లేకపోతే చెయ్యి తనకి తెలియకుండానే కిందికి దిగుతుంది.
5. 45 డిగ్రీల చొప్పున బల్ల తిప్పుతూ 8 దిక్కుల నుంచి ఊపాలి. మంచి సౌండ్ స్పష్టంగా వస్తే 1, లేకపోతే 0.

పాత మెషిన్ ఫలితం: నాబ్ పూర్తిగా పైన ఉంటే 8కి 1. నాబ్ సున్నాలో, అంటే ఇనుము కూడా మోగుతుంటే 8కి 3. ఒకే మెషిన్, ఒకే కాయిల్, ఒకే సీసం. ఇనుము నోరు మూయించినప్పుడే సీసం ఎక్కువగా పోయింది.

దీన్ని మాస్కింగ్ అంటారు. మేకు మీద కాయిల్ వెళ్లగానే మెషిన్ సౌండ్ ఆపేస్తుంది, ఆపిన తర్వాత మళ్లీ తేరుకోవడానికి కొంత టైం పడుతుంది, ఈలోపు కాయిల్ పక్కనున్న సీసం దాటిపోతుంది. మిక్సీ తిరుగుతున్నప్పుడు పక్క గదిలో ఫోన్ మోగినా వినపడదు కదా, ఇక్కడ ఇంకో ఇబ్బంది, మిక్సీ సౌండ్ కూడా మనకి వినపడకుండా చేశారు, కాబట్టి ఏదో అడ్డొస్తోందన్న సంగతే తెలియదు. నాబ్ సున్నాలో ఉంటే కనీసం "ఇక్కడ ఇనుము గుంపు ఉంది, నెమ్మదిగా వెళ్లు" అని చెవికి తెలుస్తుంది.

అందుకని కొనేటప్పుడు చూడాల్సింది ఇనుముని వదిలేస్తుందా అని కాదు, ఇనుము తర్వాత ఎంత త్వరగా తేరుకుంటుంది అని. స్పెసిఫికేషన్లలో దీన్ని రికవరీ స్పీడ్ అంటారు. దీన్ని మార్చుకునే వీలు లేని మెషిన్‌ని ఈ నేలకి నేను తీసుకోను.

దశ 3: ఎర్రనేల మీద లోతు కొలత

ఈ దశే అన్నిటికంటే ముఖ్యం, ఎక్కువ టైం తిన్నదీ ఇదే.

గాలిలో చేసే టెస్టు ఇక్కడ సరిపోదు, ఎందుకంటే ఈ ఎర్రమట్టిలో అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం పొడి రూపంలో కలిసి ఉంటుంది. మట్టిలో అయస్కాంతం దొర్లించి చూస్తే మీసాల్లా నల్లగా అంటుకుని వస్తుంది. మెషిన్‌కి మొత్తం నేలే పల్చటి ఇనుములా కనపడుతుంది. గుంట తీసి గుండు పాతిపెట్టి పూడ్చి కొలిస్తే కూడా తప్పుడు లెక్కే వస్తుంది, కదిలిన మట్టి గట్టి నేలలా ప్రవర్తించదు. చేసిన ఉపాయం:

1. పాత తవ్వకపు గుంట ఒకటి ఎంచుకున్నా, పక్క గోడ నిటారుగా ఉన్నది.
2. గోడలోకి, పైనుంచి 1, 2, 3... ఇలా 1 సెం.మీ. తేడాతో, సన్న ఇనుప ఊచని సుత్తితో అడ్డంగా 25 సెం.మీ. దిగ్గొట్టి లాగేశా. బ్యాటరీ డ్రిల్లు వాడలేదు, చేతి పనిముట్లకే అనుమతి.
3. ప్లాస్టిక్ పుల్ల చివర సీసం గుండు టేపుతో అంటించి ఆ రంధ్రంలోకి తోశా. పైనున్న మట్టి కదలదు, ఇదే ఈ పద్ధతిలో లాభం.
4. పైనుంచి కాయిల్ ఊపి రెండు లోతులు రాశా: సౌండ్ వినపడే చివరి లోతు, "ఇనుము కాదు" అని మెషిన్ సరిగ్గా చెప్పే చివరి లోతు.
5. అయ్యాక రంధ్రాలు తడిమట్టితో మూసేశా.

పాత మెషిన్, గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల సిగ్నల్‌ని పక్కన పెట్టే సర్దుబాటు) చేశాక:

0.2 గ్రా. సీసం: గాలిలో 7 సెం.మీ., నేలలో 4. సరిగ్గా గుర్తుపట్టేది 2 దాకానే.

1 గ్రా.: గాలిలో 14, నేలలో 10. సరిగ్గా గుర్తుపట్టేది 6 దాకా.

3 గ్రా.: గాలిలో 19, నేలలో 14. సరిగ్గా గుర్తుపట్టేది 9 దాకా.

ఇప్పుడు 1 గ్రాము వరస మళ్లీ చదవండి. 6 సెం.మీ. దాటాక 10 దాకా మెషిన్‌కి అది వినపడుతూనే ఉంది, కానీ "ఇనుము" అంటోంది. సీసంలో ఏ మార్పూ లేదు, లోతు పెరిగేకొద్దీ దాని సిగ్నల్ బలహీనపడి నేలలోని ఖనిజం సిగ్నల్ దాన్ని తన వైపు లాగేసింది. నాబ్ ఎత్తి పెట్టుకుని తిరిగితే ఆ మధ్య 4 సెం.మీ. మందం పొరలో ఉన్న బంగారమంతా నా కాయిల్ కిందే, నా హెడ్‌ఫోన్స్‌లో నిశ్శబ్దంగా దాటిపోతుంది. 150 ఏళ్లుగా జనం పైపైన ఏరుకున్న నేలలో మిగిలింది ఎక్కువగా ఆ పొరలోనే కదా.

ఇక్కడితో "ఇనుముని వదిలేసే మెషిన్" కోసం వెతకడం ఆపేశా. నాక్కావాల్సింది ఇనుముని స్పష్టంగా *వినిపించే* మెషిన్, వదిలేయాలా తవ్వాలా అన్నది నా చెవి తేల్చుకునేలా.

సెన్సిటివిటీ మీద ఒక మాట. పూర్తిగా పెంచితే లోతు పెరుగుతుందని అందరూ అనుకుంటారు. ఈ నేలలో పూర్తి స్థాయి దగ్గర 1 గ్రాము గుండు 8 సెం.మీ. దగ్గరే గోలలో కలిసిపోయింది, నాలుగోవంతు తగ్గిస్తే 10 దాకా వినపడింది. పైన రాసిన కొలతలన్నీ తగ్గించిన తర్వాతవే. గ్రౌండ్ బ్యాలెన్స్ ఆటో ట్రాకింగ్‌లో పెడితే 0.2 గ్రా. గుండు మీద పదే పదే ఊపుతుంటే మెషిన్ దాన్ని కూడా నేలే అనుకుని సౌండ్ తగ్గించేస్తోంది, అందుకని మాన్యువల్‌గా చేసుకుని, నేల రంగు మారినప్పుడల్లా మళ్లీ చేయడం అలవాటు చేసుకున్నా.

ఇంకోటి, బూట్లు. ఇనుప కప్పు ఉన్న సేఫ్టీ బూట్లతో పెద్ద కాయిల్ ఊపితే ప్రతి ఊపు చివర ఒక దొంగ సిగ్నల్ వస్తుంది. కొన్నిటిలో లేసు కన్నాలు కూడా మోగుతాయి. పిక్‌ని కూడా నేలమీద కాయిల్‌కి దూరంగా పెట్టాలి.

దశ 4: పల్స్ మెషిన్, అద్దెకి

ఖనిజం ఎక్కువున్న నేల సమస్యకి ఆస్ట్రేలియా వాళ్లు ఎంచుకున్న దారి పల్స్ ఇండక్షన్. అడిలైడ్‌లోని మైన్‌ల్యాబ్ కంపెనీ పేరు బంగారం వెతికేవాళ్లలో మోగడానికి కారణం అదే. దీంట్లో ఫేజ్ (దశ 1లో చెప్పిన ఆలస్యం) లెక్క ఉండదు, కాయిల్‌లోకి ఒక దెబ్బ కరెంటు పంపి ఆపేసి, ఆ తర్వాత మైక్రోసెకన్లలో లోహం నుంచి వచ్చే ప్రతిధ్వని ఎలా తగ్గిపోతుందో వింటుంది. నేల ప్రతిధ్వని త్వరగా చచ్చిపోతుంది కాబట్టి దాన్ని చాలావరకు పక్కన పెట్టేయొచ్చు.

కొత్తది కొనాలంటే వేల డాలర్లు, అందుకని అద్దెకి తెచ్చా. అదే గోడ, అదే పుల్ల:

0.2 గ్రా.: 6 సెం.మీ. 
1 గ్రా.: 17 సెం.మీ. 
3 గ్రా.: 25 సెం.మీ.

లోతులో పోటీయే లేదు. కానీ ఇనుము విషయంలో? కొన్ని పల్స్ మెషిన్లలో ఐరన్ రిజెక్ట్ ఉంటుంది, అది పైపైన ఉన్న పెద్ద ఇనుము మీద మాత్రమే నమ్మకంగా పనిచేస్తుంది, అదీ డీడీ కాయిల్ తగిలిస్తేనే. చాలామంది వాడే మోనో కాయిల్‌తో (పంపడానికీ వినడానికీ ఒకే చుట్ట ఉన్నది) ఆ సదుపాయం ఉండదు. బూటు మేకు ముక్కకీ చిన్న బంగారు ముక్కకీ చెవికి తేడా తెలియడం చాలా కష్టం.

గుడిసెల చోటుకి తీసుకెళ్తే సౌండ్ ఆగలేదు, అడుగుకి రెండు మూడు సిగ్నళ్లు. ఒక తీగ ముక్క కోసం గట్టి బంకమట్టిలో 35 సెం.మీ. తవ్వాల్సొచ్చింది, అంత లోతులో అంత చిన్న ఇనుముని కూడా వదలదు ఇది. మధ్యాహ్నానికల్లా ఆ చోటు వదిలేసి పైనున్న వంకలోకి వెళ్లా, అక్కడ మనుషులు ఉన్న ఆనవాళ్లు తక్కువ, తెల్ల పలుగురాళ్లు చెదిరి ఉన్నాయి. అక్కడ గంటకి ఐదారు సిగ్నళ్లే, అన్నీ తవ్వగలిగినవే. 16 సెం.మీ. దగ్గర, పలుగురాళ్ల గులకలో, 0.62 గ్రా. వచ్చింది. మట్టి కడిగితే ఒక వైపు ఇంకా చిన్న పలుగురాయి పలుకు అంటుకునే ఉంది.

కాబట్టి పల్స్ మీద నా నిర్ణయం: ఇనుము తక్కువున్న వంకలకి రాజు. ఇనుముతో నిండిన చోట్లకి కాదు. ఎవరైనా ఒక్కటే మెషిన్ కొని చెత్తచోట్లలో కూడా తిరుగుతానంటే దీన్ని కొనమని చెప్పను.

ఖర్చు: అద్దె 190. మొత్తం 555.

డబ్బా లెక్క: ఇనుము 1,460 గ్రా., సీసం 205, అల్యూమినియం 55, బంగారం 0.62. ఇనుము ఎలా ఎగిరిందో చూడండి, అందులో ఎక్కువ భాగం పల్స్‌తో తీసిందే.

దశ 5: మల్టీ ఫ్రీక్వెన్సీ, తర్వాత చిన్న కాయిల్

ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు పంపే వీఎల్ఎఫ్ మెషిన్ తీసుకున్నా, ఇదీ సెకండ్ హ్యాండే. ఎందుకంటే ఇనుము, నేల ఖనిజం ఒక్కో ఫ్రీక్వెన్సీలో ఒక్కోలా పలుకుతాయి, పోల్చి చూసుకుంటే మెషిన్‌కి అంచనా కాస్త నిలకడగా వస్తుంది. కొనేముందు ఈ నాలుగూ ఉన్నాయా అని అడిగా: రికవరీ స్పీడ్ మార్చుకునే వీలు, ఐరన్ బయాస్ మార్చుకునే వీలు, ఇనుముకి విడిగా మూలుగులాంటి టోన్, మార్కెట్లో చిన్న కాయిల్ దొరకడం. నాలుగోది చాలామంది అడగరు, అన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చింది అదే.

మేకుల బల్ల మీద, 8 దిక్కులకి:

11 అంగుళాల కాయిల్, నెమ్మది రికవరీ: 2 
11 అంగుళాల కాయిల్, వేగం రికవరీ: 5 
6 అంగుళాల కాయిల్, వేగం, ఐరన్ బయాస్ ఎక్కువ: 4 
6 అంగుళాల కాయిల్, వేగం, ఐరన్ బయాస్ తక్కువ: 7

మూడో వరస దగ్గర ఆగాలి. ఐరన్ బయాస్ అంటే అనుమానం ఉన్న సిగ్నల్‌ని మెషిన్ ఎంతవరకు ఇనుము వైపు నెట్టాలి అన్న సెట్టింగు. ఎక్కువ పెడితే దొంగ సిగ్నళ్లు తగ్గుతాయి, కానీ మేకు పక్కనున్న సీసాన్ని కూడా ఇనుములో కలిపేస్తుంది. చిన్న కాయిల్ పెట్టి కూడా బయాస్ ఎత్తితే పెద్ద కాయిల్ కంటే తక్కువ మార్కులొచ్చాయి. దుకాణాల్లో "ఐరన్ బయాస్ ఉంది సార్, మేకులు అసలు మోగవు" అని ఇదే ప్రధాన గుణంలా చెప్తారు, అది కొనేవాళ్లకి తెలియాల్సిన సంగతిలో సగమే.

చిన్న కాయిల్ ఎందుకు గెలుస్తుందంటే ఒకసారికి దాని కింద ఉండే నేల తక్కువ, కాబట్టి మేకూ సీసం రెండూ ఒకేసారి దాని కిందికి రావు. నష్టం కూడా చెప్పాలి. గోడ టెస్టులో 3 గ్రా. గుండు పెద్ద కాయిల్‌తో 16 సెం.మీ. దాకా వినపడితే చిన్నదానితో 12. కానీ 0.2 గ్రా. మాత్రం చిన్నదానితోనే ఒక సెం.మీ. ఎక్కువ లోతు నుంచి వినపడింది, చిన్న ముక్కకి చిన్న కాయిల్ దగ్గరి చుట్టం.

ఖర్చు: మల్టీ మెషిన్ 780, చిన్న కాయిల్ 265, పాత మెషిన్ అమ్మితే వచ్చింది 200. మొత్తం 1,400.

చెవితో ఇనుముని పట్టడం, నేను పాటించే వరుస

ఇప్పుడు డిస్క్రిమినేషన్ సున్నాలో పెట్టి, ఇనుముకి తక్కువ వాల్యూమ్‌లో మూలుగు టోన్ పెట్టుకుని తిరుగుతున్నా. సౌండ్ వస్తే:

1. 90 డిగ్రీలు పక్కకి వచ్చి మళ్లీ ఊపాలి. గుండ్రటి మంచి ముక్క రెండు వైపులా ఒకేలా పలుకుతుంది. మేకు పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఒక వైపు మంచి సౌండ్, ఇంకో వైపు మూలుగు.
2. పిన్‌పాయింట్ (ముక్క సరిగ్గా ఎక్కడుందో చూపించే మోడ్) చేయాలి. ఊపేటప్పుడు సౌండ్ వచ్చిన చోటూ, పిన్‌పాయింట్ చూపించిన చోటూ వేరైతే అది మేకు కొస నుంచి వచ్చిన దొంగ సౌండ్ అయ్యే అవకాశం ఎక్కువ.
3. కాయిల్ ఎత్తాలి. నేలకి 25, 30 సెం.మీ. ఎత్తులో కూడా గట్టిగా మోగుతుంటే అది పెద్దది, ఎక్కువగా డబ్బా రేకు.
4. పైన ఒక పొర మట్టి గీకి మళ్లీ వినాలి. ఇదే అన్నిటికంటే నమ్మకమైనది. 3 సెం.మీ. తీశాక మూలుగు కాస్తా తేటపడి పైకి జరిగితే తవ్వాల్సిందే, అది దశ 3లో చెప్పిన మధ్యపొర ముక్క. ఇంకా ఇనుము వైపే జారితే మేకు.
5. తీసిన మట్టిలో అయస్కాంతం తిప్పాలి. అంటుకుని వచ్చేస్తే పని అయిపోయింది, రాకపోతే స్కూప్‌లో సగం సగం చేస్తూ వెతకాలి.

ఈ 4వ మెట్టు వల్లే మొదటి చోటుకి, ఆ గుడిసెల దగ్గరికి, తిరిగి వెళ్లా. పాత మెషిన్‌తో శుభ్రంగా నిశ్శబ్దంగా ఉన్న అదే నేల ఇప్పుడు మూలుగులతో నిండి ఉంది. చిన్న కాయిల్‌తో, ఒక్కో అడుగూ నిలబడి వింటూ వెళ్తే, రెండు మేకుల మధ్య ఒక మెత్తని మూలుగు, అంచులో సన్నటి కూతలాంటిది. గీకాక కూత పెరిగింది. 8 సెం.మీ. దగ్గర, వేలిగోరు అంచంత, 0.47 గ్రా. దానికి రెండు వేళ్ల దూరంలో నలుచదరపు మేకు, తుప్పు పొరలు పొరలుగా ఊడి చుట్టూ మట్టి నారింజరంగుకి తిరిగి ఉంది. తర్వాత అదే ప్రాంతంలో ఇంకో రెండు చిన్నవి కలిపి 0.74 గ్రా.

డబ్బా లెక్క: ఇనుము 1,940 గ్రా., సీసం 365, అల్యూమినియం 115, బంగారం 1.83 గ్రా.

సీసం, అల్యూమినియం వరసలు కూడా చూడండి. ఇనుముని కొన్ని మెషిన్లు కొంతవరకు విడదీయగలవు, వీటిని మాత్రం ఏ మెషినూ బంగారం నుంచి విడదీయలేదు. బంగారం ముక్క సైజుని బట్టి సిగరెట్ రేకు దగ్గర్నుంచి సోడా డబ్బా మూత రింగు దాకా ఎక్కడైనా పలకొచ్చు. సీసం తవ్వడానికి ఇష్టం లేనివాళ్లు బంగారం వెతకడం మానుకోవాలి, ఇందులో రాజీ లేదు.

కర్నూలు ఫోన్లు

తొలకరి పడగానే మా బావ ఫోన్ చేస్తాడు. "ఒరే, జొన్నగిరి చేలల్లో జనం రాళ్లేరుతున్నారు, ఆ మిషన్ ఒకటి పట్టుకురారా." జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు వైపు వానలకి వజ్రాలు బయటపడతాయని చేలల్లో ఏరడం అక్కడివాళ్లందరికీ తెలిసిందే. "బావా, వజ్రం లోహం కాదు, దీనికి అసలు వినపడదు" అని ప్రతిసారీ చెప్తా. పోనీ లంకెబిందెలకైనా పనికొస్తుందా అంటే ఆ వైపు అసలే వెళ్లొద్దని చెప్తా. మన దేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది, నేలలో దాచినది 10 రూపాయల విలువ దాటి దొరికితే కలెక్టరుకి తెలియజేయాలి. పాత కోటలు, గుళ్ల దగ్గర డిటెక్టర్లు పట్టుకుని రాత్రిపూట తవ్వేవాళ్ల వల్ల ఎన్ని విగ్రహాలు, ఎన్ని గోడలు పాడయ్యాయో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. ఈ డైరీ చదివి అక్కడ అలాంటి పనికి ఎవరూ వాడొద్దు.

దశ 6: ఇంకా లొంగనివి

రెండు ఉన్నాయి.

ఒకటి, వెడల్పు రేకు. పాత డబ్బాల తుప్పు రేకు, వాషర్లు, గుర్రపు నాడా ముక్క. ఇవి చదునుగా ఉండటం వల్ల సుడి కరెంట్లు బాగా పుట్టి, స్కేలులో ఇనుము వైపు కాకుండా చుట్టు తిరిగి వెండి, రాగి వైపుకి వెళ్లి పడతాయి. డీడీ కాయిల్‌కి ఈ జబ్బు ఎక్కువ. కాయిల్ ఎత్తే పరీక్ష పెద్దవాటిని పట్టేస్తుంది, బొటనవేలి గోరంత ముక్కలు మాత్రం ప్రతిసారీ తవ్విస్తున్నాయి. బయాస్ పెంచితే తగ్గుతాయి, కానీ దశ 5లోని 7 కాస్తా 4 అవుతుంది, కాబట్టి తవ్వుతున్నా.

రెండోది హాట్ రాక్స్ అనే రాళ్లు, ఇనుపఖనిజం బాగా ఉన్న ముదురు గోధుమరంగు గులకలు. కొన్ని మూలుగుతాయి, వాటితో బాధ లేదు. కొన్ని మాత్రం సరిగ్గా చిన్న బంగారం టోన్‌లో పలుకుతాయి. వీటికి నేను కనిపెట్టిన మార్గం, రాయి పైకి తేలాక చెయ్యి దూరంలో నేలమీద పెట్టి విడిగా ఊపి, మెషిన్ స్క్రీన్ మీద వచ్చే నంబర్ చూసుకుని ఆ రోజుకి గుర్తుపెట్టుకోవడం. ఒక్కో గుట్ట రాళ్లు ఒక్కో నంబర్ చూపిస్తున్నాయి, నోట్‌బుక్‌లో చోటు పేరు పక్కన రాసిపెడుతున్నా.

ప్రస్తుతం వాడుతున్న సెట్టింగులు, ఈ నేలకి మాత్రమే:

చెత్తచోటు: 6 అంగుళాల కాయిల్, రికవరీ పై స్థాయికి ఒక మెట్టు కింద, ఐరన్ బయాస్ కనిష్ఠానికి ఒక మెట్టు పైన, సెన్సిటివిటీ గోల ఆగేదాకా తగ్గించి, డిస్క్రిమినేషన్ సున్నా.

ఖాళీ వంక: 11 అంగుళాల కాయిల్, రికవరీ మధ్యలో, మిగతావి అలాగే. బాగా లోతు అనిపిస్తే అద్దె పల్స్.

కరెంటు లైన్ల దగ్గర: ముందు నాయిస్ క్యాన్సిల్, అప్పటికీ ఆగకపోతే ఒకే ఫ్రీక్వెన్సీకి మారడం, గుర్తించడంలో నిలకడ తగ్గుతుందని తెలిసే.

తర్వాతి పని కాన్సెంట్రిక్ కాయిల్ (ఒకదానిలో ఒకటి గుండ్రటి చుట్టలు ఉండేది) ఒకటి ఎవరిదైనా అడిగి తెచ్చి, తుప్పు రేకు ముక్కలు పది బల్ల మీద అంటించి, డీడీతో పక్కపక్కన కొలవడం. ఆ రకం కాయిల్ రేకుని బాగా గుర్తుపడుతుంది, ఎర్రనేలలో లోతు పోగొట్టుకుంటుంది, ఎంత పోతుందో గోడ దగ్గర చూసి ఆ అంకెలు ఇక్కడే చేరుస్తా.